టైమ్‌షేర్ రీసేల్: ఏజెంటుకు డబ్బు ముందే ఇవ్వాలా, అమ్ముడయ్యాకా?

వారంవాటా

నా పేరు మీద ఒక టైమ్‌షేర్ వారం ఉంది, అంటే ఒక రిసార్టులో ఏటా ఒక వారం ఉండే వాటా. డీడ్ (యాజమాన్య పత్రం) ఉన్నదే. లోన్ తీరిపోయింది, మెయింటెనెన్స్ ఫీజు బకాయి లేదు. ఆ ఫీజు ఏటా 1,100 డాలర్లు దాటుతోంది, మేం వెళ్లడం మాత్రం ఎప్పుడో మానేశాం. అమ్మేద్దామని ఇద్దరు ఏజెంట్లను కదిపితే రెండు రకాల లెక్కలు చెప్పారు.

ఒకాయన 695 డాలర్లు "మార్కెటింగ్ ఫీజు" ముందే కట్టమంటున్నాడు. అమ్ముడయ్యాక కమిషన్ ఏమీ అక్కర్లేదట. 9,000 రావడం ఖాయమంటున్నాడు. ఇంకొకావిడ ముందు పైసా కూడా వద్దంది, అమ్ముడైతే 10 శాతం చాలంది. కానీ ఒప్పందం కాగితంలో కింద చిన్న అక్షరాల్లో "కనీస కమిషన్ 1,000 డాలర్లు" అని ఉంది. ధర ఎంత పలుకుతుందని అడిగితే మహా అయితే 2,000 అంది. అంటే వచ్చేదాంట్లో సగం ఆవిడకే పోతుంది. నోటితో 10 శాతమని చెప్పి చేత్తో 50 శాతం పట్టుకెళ్లడం న్యాయమేనా? దానికంటే ఆ 695 నయం కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

చురక

9,000 ఖాయమన్నాయన్ని ఆ 695 అందులోంచే మినహాయించుకుని మిగతా 8,305 మీకు పంపమనండి. అంత ఖాయమైనప్పుడు ఆయనకు అభ్యంతరం దేనికి?

వారంవాటా

అదీ అడిగి చూశానండీ. "మా పాలసీ ఒప్పుకోదు" అన్నాడు.

లెక్కలపుస్తకం

ఫీజు ఎంత అన్నది తర్వాత. ఆ డబ్బు ఏజెంటు చేతికి ఎప్పుడొస్తుందో ముందు చూడండి. 695 ముందే పుచ్చుకున్నాయన బేరం మీరు సంతకం పెట్టిన నిమిషానికే ముగిసిపోయింది. ఆ తర్వాత మీ వారం అమ్ముడైనా, కాకపోయినా ఆయన జేబులో తేడా రాదు. ఇంకో మెట్టు కిందికి దిగి చూడండి. ధర ఎక్కువ చేసి చెబితే ఆయనకు లాభమే కానీ నష్టం లేదు. 2,000 వస్తుందని నిజం చెబితే మీరు 695 కడతారా? కట్టరు. 9,000 అంటే కడతారు. అబద్ధం అసలు ధరలోనే ఉంది, ఫీజు దాని మీద బతుకుతోంది. అమ్ముడవకపోతే "మార్కెట్ డల్‌గా ఉందండీ, ధర తగ్గిద్దామా" అంటాడు. తగ్గించినా ఆయనకు పోయేదేమీ లేదు కదా.

రిసార్టు కంపెనీ దగ్గర మనం కొన్న ధరలో అమ్మకం ఖర్చులే బోలెడు: విందులు, బహుమతులు, సేల్స్‌వాళ్ల కమిషన్లు. రీసేల్‌లో కొనేవాడు వాటికి డబ్బివ్వడు. అందుకే పాత వారాలు చాలావరకు కొన్న ధరలో చిన్న ముక్కకే పోతాయి. ఒక్క డాలరుకు పెట్టినా కొనేవాడు దొరకని వారాలున్నాయి, ఎందుకంటే వారంతోపాటు ఏటా కట్టాల్సిన ఫీజు కూడా వాడి నెత్తినే పడుతుంది. 2,000 అని చెప్పినావిడ మీకు చేదు నిజం చెప్పింది. ఆ ఒక్క మాటకే ఆవిడ మీద నాకు కొంత నమ్మకం కలిగింది.

అయితే ఆవిణ్నీ పూర్తిగా వదిలిపెట్టను. 10,000 లోపు ధర పలికే ప్రతి వారానికీ వర్తించేది ఆ కనీస కమిషనే. మీ వారానికి 10 శాతమన్న మాట ఉత్త అలంకారం. ధర ఎంతో ఆవిడకు తెలుసు, కాబట్టి "మీకు నా కమిషన్ 1,000" అని మొదటి మాటలోనే చెప్పాల్సింది.

బ్రోకర్‌నే

లైసెన్సు పెట్టుకుని ఈ పనే చేస్తున్నాను కాబట్టి నా మాటలో పక్షపాతం కనిపిస్తే కనిపించనీయండి. కనీస కమిషన్ లేకపోతే 2,000 డాలర్ల వారం మీద మాకొచ్చేది 200. దానికి ఎంత పని ఉందో చెబుతాను.

ముందుగా రిసార్టు నుంచి ఎస్టాపెల్ సర్టిఫికెట్ తెప్పించాలి. ఈ వారం ఎవరి పేరున ఉంది, బకాయి ఎంత, వచ్చే ఏడాది వాడకం ఇప్పటికే బుక్ అయిందా లేదా అన్నది అందులో ఉంటుంది. చాలా రిసార్టులకు రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ ఉంటుంది. మనకు కొనేవాడు దొరికాక అదే ధరకు తామే తీసుకుంటారో, వదిలేస్తారో వాళ్లు చెప్పేదాకా ఆగాలి. తీసుకుంటామన్నారంటే కొనేవాడు పోయినట్టే, ఆయనకు సర్దిచెప్పేదీ మేమే. తర్వాత టైటిల్ (యాజమాన్య హక్కు) చూడటం, కొత్త డీడ్ రాయించడం, కౌంటీ (జిల్లా లాంటిది) ఆఫీసులో రికార్డు చేయించడం, రిసార్టు పుస్తకాల్లో పేరు మార్పించడం. డీడ్ రికార్డు అయినా రిసార్టు పేరు మార్చకపోతే మెయింటెనెన్స్ బిల్లు పాత యజమానికే వస్తూంటుంది. ఆ ఫోన్లన్నీ ఎవరికొస్తాయనుకున్నారు? 20,000 పలికే వాటాకైనా, 2,000 పలికే వారానికైనా ఈ కాగితాలు అవే.

ఇంకో మాట. ముందు ఫీజు తీసుకునేవాళ్లంతా దొంగలని తీర్మానించకండి. కేవలం ప్రకటన వేసే సైట్లున్నాయి. కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి, కొనేవాణ్ని మీరే చూసుకోవాలని ముందే చెబుతాయి. అందులో మోసం లేదు. ప్రకటన డబ్బు తీసుకుని అమ్మకం మాట ఇవ్వడం దగ్గరే తప్పు మొదలవుతుంది.

చట్టంచదివినవాడు

బ్రోకర్ గారు చివర చెప్పిన తేడాయే చట్టాల్లోనూ ఉంది. ఫ్లోరిడాలో లైసెన్సున్న రియల్ ఎస్టేట్ బ్రోకర్ టైమ్‌షేర్ లిస్టింగుకు (అమ్మకానికి పెట్టడానికి) ముందస్తు ఫీజు తీసుకోవడమే చట్టవిరుద్ధం. దాంతో ఏమైంది? కొందరు లైసెన్సు జోలికి పోకుండా "మేం ఏజెంట్లం కాదు, అడ్వర్టయిజింగ్ కంపెనీ" అని బోర్డు మార్చేశారు. వాళ్లకు పగ్గం వేయడానికి 2012లో టైమ్‌షేర్ రీసేల్ అకౌంటబిలిటీ యాక్ట్ తెచ్చారు. లిఖిత ఒప్పందం లేకుండా డబ్బు తీసుకోకూడదు, కొనేవాడు సిద్ధంగా ఉన్నాడని అబద్ధం చెప్పకూడదు, సంతకం పెట్టిన 7 రోజుల్లో కారణం చెప్పకుండానే రద్దు చేసుకునే హక్కు అమ్మేవాడికి ఉండాలి. ఆ హక్కు వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు.

యూరోపియన్ యూనియన్ ఇంకా నేరుగా వెళ్లింది. 2008/122 నంబరు డైరెక్టివ్ ప్రకారం రీసేల్ ఏజెంటు అమ్మకం నిజంగా జరిగేదాకా, లేదా ఆ ఒప్పందం మరోలా ముగిసేదాకా ఏ రూపంలోనూ డబ్బు తీసుకోకూడదు. పేరు మార్కెటింగ్ అన్నా, డిపాజిట్ అన్నా, గ్యారంటీ అన్నా ఒకటే. పైగా 14 రోజుల రద్దు హక్కు. బ్రిటన్ దాన్నే 2010 నిబంధనల్లో పెట్టుకుంది.

వారంవాటా గారూ, 695 అడిగినాయన ఒప్పందం కాగితం ఉంటే అందులో "అమ్మకం" అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. "ప్రచారం", "ప్రదర్శన" అని మాత్రమే ఉంటే ఫోన్లో చెప్పిన 9,000కి కాగితం మీద విలువ లేనట్టే.

వారంవాటా

చూశాను. "ఇది ప్రకటన సేవ మాత్రమే, అమ్మకానికి హామీ లేదు" అని నాలుగో పేజీలో ఉంది. ఫోన్లో మాట్లాడిన మనిషేమో కొనేవాళ్లు లైన్లో ఉన్నారన్నాడు!

మధ్యస్థం

అందరూ యూరప్ పద్ధతిని మెచ్చుకుంటున్నారు కాబట్టి ఎదురు మాట నేనంటాను. ముందు పైసా తీసుకోకూడదని గట్టిగా బిగిస్తే మంచి బ్రోకర్లు ఏం చేస్తారు? బాగా పలికే వాటాలే తీసుకుంటారు. గిరాకీ లేని సీజన్ వారం, ఏడాది విడిచి ఏడాది వచ్చే వారం, ఫీజు ఎక్కువ ఉన్న పాత రిసార్టు, వీటిని ఎవరు ముట్టుకుంటారు? ఆ యజమానులకు ఎవరూ దొరక్క చివరికి మోసగాళ్ల ఫోనే ఎత్తుతారు. ఇంత పని చేస్తాను, దానికి ఇంత తీసుకుంటాను, అమ్ముడవుతుందని మాట ఇవ్వను అని ఒక చిన్న రుసుము చెప్పి తీసుకుంటే తప్పేమిటి? వకీలు కేసు ఓడిపోతే ఫీజు తిరిగిస్తాడా?

లెక్కలపుస్తకం

వకీలు వాదించాడో లేదో కోర్టులో కళ్లారా చూస్తాం. ఏజెంటు "మార్కెటింగ్ చేశాను" అంటే ఏం చేశాడో ఎలా చూస్తాం? సైట్లో ఎక్కడో ఒక మూల పేజీ పెట్టి వదిలేసినా అది మార్కెటింగే.

గిరాకీ లేని వారాల గురించి మీరన్నది మాత్రం నిజం. అక్కడ న్యాయమైన ఏజెంటు చేయాల్సింది ఫీజు తీసుకోవడం కాదు, "ఇది అమ్ముడవదు, ముందు రిసార్టునే వెనక్కి తీసుకోమని అడగండి" అని చెప్పడం. బకాయిలు, లోను లేని వారాల్ని వెనక్కి తీసుకునే పద్ధతి కొన్ని పెద్ద కంపెనీలకు ఉంది. ఆ సలహాతో ఏజెంటుకు రాబడి లేదు, అందుకే ఎవరూ ఇవ్వరు.

బ్రోకర్‌నే

"ఎవరూ" అనకండి. నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామందిని ఆ మాట చెప్పే పంపిస్తాను. కాదన్నందుకు తిట్లు కూడా తింటాను, ఎందుకంటే నాకంటే ముందు ఎవడో 9,000 ఆశ పెట్టి ఉంటాడు.

కొనుగోలుదారు

అమ్మేవాళ్ల గోలలో మా మాట ఎవరూ ఎత్తట్లేదు. కమిషన్ కట్టేది అమ్మేవాడే అయినా ఆ బరువు ధరలో కలిపి మా మీదే వేస్తారు. అది సరే. నన్ను ఇబ్బంది పెట్టేది ఏజెంటు చెప్పకుండా దాచేసేవి. చాలాచోట్ల రీసేల్‌లో కొన్నవాడికి అసలు యజమానికున్న హక్కులన్నీ రావు. డిస్నీ వాళ్ల టైమ్‌షేర్, డిస్నీ వెకేషన్ క్లబ్‌నే చూడండి. అక్కడ వారాలకు బదులు పాయింట్లతో బస బుక్ చేసుకుంటారు. 2019 జనవరి 19 నుంచి మొదటి 14 రిసార్టుల్లో దేనిదైనా రీసేల్‌లో కొంటే ఆ పాయింట్లు తర్వాత వచ్చిన రివియేరా రిసార్టులో చెల్లవు. రివియేరావే రీసేల్‌లో కొంటే ఆ ఒక్క రిసార్టులోనే చెల్లుతాయి. బేరం ముగిసే ముందు ఈ సంగతి ఏజెంటు నోట రావాలా, వద్దా? అమ్మేవాడి తరఫునా, కొనేవాడి తరఫునా ఒకే ఏజెంటు ఉంటే ఎవరి దగ్గర ఏది దాస్తున్నాడో కనిపెట్టడం మరీ కష్టం.

క్లోజింగ్ (బేరం పూర్తి చేసే) ఖర్చులు, రిసార్టు ట్రాన్స్‌ఫర్ ఫీజు, ఈ ఏడాది మెయింటెనెన్స్ ఎవరు కట్టాలో కూడా లిస్టింగులోనే రాయండి. ధర తక్కువ చూపించి చివర్లో ఇవన్నీ తగిలించడమూ మోసమే.

చురక

ఇంకో రకం ఫోన్ల సంగతీ చెప్పుకుందాం. "మీ వారానికి మా దగ్గర కొనేవాడు రెడీగా ఉన్నాడు, డబ్బు ఎస్క్రోలో (బేరం తేలేదాకా మూడో మనిషి దగ్గరుంచే ఖాతాలో) పడింది, పన్నులు మీరు కడితే విడుదల చేస్తాం" అంటారు. మొదట పన్నులు, తర్వాత బ్యాంకు ఛార్జీ, ఆ తర్వాత జరిమానా. అంతా అయ్యాక "పోయిన డబ్బు వెనక్కి ఇప్పిస్తాం" అని లాయరు వేషంలోనో, ప్రభుత్వ శాఖ పేరుతోనో ఇంకొకడు ఫోన్ చేస్తాడు, వాడూ ఫీజడుగుతాడు. దీని వెనక మెక్సికో డ్రగ్ ముఠాలున్నాయని 2024 జూలైలో అమెరికా ఆర్థిక శాఖ, ఎఫ్‌బీఐ కలిసి హెచ్చరిక ఇచ్చాయి. 2019 నుంచి 2023 దాకా సుమారు 6,000 మంది అమెరికా బాధితులు దాదాపు 30 కోట్ల డాలర్లు పోయాయని ఎఫ్‌బీఐకి చెప్పుకున్నారు. అది చెప్పుకున్నవాళ్ల లెక్కే.

అమ్మేవాడు డబ్బు కట్టి డబ్బు తెచ్చుకోవడమనేది నాకు ఏ వ్యాపారంలోనూ అర్థం కాలేదు.

మధ్యస్థం

అది పచ్చి దొంగతనం, దాని మీద ఇక్కడ చర్చేమీ లేదు. మనం మాట్లాడుకునేది లైసెన్సున్న ఏజెంటు గురించి. రెండూ కలిపేస్తే నిజాయితీగా రుసుము తీసుకునేవాడు కూడా ముఠా మనిషే అయిపోతాడు.

చట్టంచదివినవాడు

కలపడం లేదండీ. ఫోన్లో విన్నవాడికి ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి, చిక్కంతా అక్కడే. అందుకే "ముందు డబ్బు వద్దు" అనే గీత పనికొస్తుంది. గీత దాటిన మంచివాడు కొంత నష్టపోతాడు, ఒప్పుకుంటాను. కానీ సామాన్యుడు ఫోన్లో ఆ గీత తప్ప ఇంకేం పట్టుకోగలడు? లైసెన్సు నంబరు అడిగితే దొంగలు ఇంకొకరి నంబరు చెబుతారు. ఆ రాష్ట్ర లైసెన్సింగ్ వెబ్‌సైట్లో వెతికి, అక్కడున్న ఫోన్ నంబరుకే మనం చేయాలి.

వారంవాటా

695 ఆయనకు వద్దని చెప్పేశాను. రెండో ఆవిడతో మళ్లీ మాట్లాడాను. లెక్కలపుస్తకం గారు రాసింది చదివి వినిపిస్తే నవ్వి, "10 శాతం కొట్టేసి 1,000 అని పైనే రాస్తాను" అంది. రిసార్టు వెనక్కి తీసుకుంటుందేమో ముందు అడగమని ఆవిడే సలహా ఇచ్చింది. ఈమెయిల్ పంపాను, జవాబు రావాలి. కమిషన్ క్లోజింగ్ రోజున ఎస్క్రో నుంచే తీసుకుంటానంది. నేను మధ్యలో మానుకుంటే ఏమీ కట్టక్కర్లేదు.

ఒక్కటే తేలలేదు. ఎక్స్‌క్లూజివ్ లిస్టింగ్ (ఆవిడొక్కరి ద్వారానే అమ్మాలన్న ఒప్పందం) ఏడాదికి అడుగుతోంది. నేను ఆరు నెలలంటున్నాను. ఏడాది దాటితే ఇంకో 1,100 మెయింటెనెన్స్ నా మెడకే కదా.

బ్రోకర్‌నే

ఆరు నెలలు న్యాయమే. కాకపోతే రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ కోసం ఆగే రోజుల్ని ఆ ఆరు నెలల్లో లెక్కపెట్టకండి. ఆ ఆలస్యం ఆవిడ చేతిలో ఉండదు.

లెక్కలపుస్తకం

ఎందుకు లెక్కపెట్టకూడదు? ఆ రోజుల్లో కూడా మెయింటెనెన్స్ మీటరు అమ్మేవాడి మీదే తిరుగుతుంది. గడువు ముగిసేసరికి ఒక ఆఫరు రిసార్టు దగ్గర ఆగి ఉంటే, ఆ ఒక్క ఆఫరు తేలేదాకా మాత్రమే పొడిగింపు అని రాయించండి. కొత్త కొనుగోలుదారుకు అది వర్తించకూడదు.

బ్రోకర్‌నే

ఆ షరతు నేనైతే సంతకం పెడతాను.