సీఎస్ఆర్-1 నంబరు లేకుండా ప్రభుత్వ బడికి కంపెనీ సాయం ఎలా తీసుకోవాలి?

విజయనగరం జిల్లాలో మాది జిల్లా పరిషత్ హైస్కూల్. నేను పేరెంట్స్ కమిటీ సభ్యుణ్ణి. విశాఖలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగులు జూలై నుంచి నెలకు రెండు శనివారాలు వచ్చి 9, 10 తరగతులకు లెక్కలు చెబుతున్నారు. పిల్లలు వాళ్ళ కోసం ఎదురు చూస్తారు, అంత బాగా చెబుతారు. బడిలో ఉన్న 4 కంప్యూటర్లలో ఒక్కటే పనిచేస్తోందని చూసి, సీఎస్ఆర్ (చట్టం ప్రకారం కంపెనీలు సమాజ సేవకు పెట్టే ఖర్చు) కింద 10 కంప్యూటర్లు, ఒక యూపీఎస్ ఇప్పిస్తామని వాళ్ళే ముందుకొచ్చారు.

చిక్కు ఇక్కడే వచ్చింది. కంపెనీ ఫైనాన్స్ వాళ్ళు మా కమిటీ సీఎస్ఆర్-1 నంబరు (కంపెనీల తరఫున సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు సీఎస్ఆర్-1 ఫారం నింపితే వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు), ఆదాయపు పన్ను మినహాయింపులకు సంబంధించిన 12ఏ, 80జీ కాగితాలు అడుగుతున్నారు. ఆడిటర్‌ని కలిస్తే, ఆ ఫారం ట్రస్టులు, సొసైటీలు, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీల్లాంటి వాటికే గానీ బడి కమిటీకి కుదరదన్నారు. ఎంఈఓ ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళాం, డీఈఓని అడగమన్నారు. డీఈఓ ఆఫీసులో డిసెంబరు 8న అర్జీ ఇచ్చాం, ఇంకా జవాబు లేదు. ఒక స్వచ్ఛంద సంస్థ ద్వారా ఇప్పిద్దామంటే వాళ్ళు 12 శాతం ఖర్చుల కింద తీసుకుంటామన్నారు. పిల్లల డబ్బు అలా పోవడం మాకు ఇష్టం లేదు.

2014 సీఎస్ఆర్ నిబంధనల్లో 4వ రూల్ ప్రకారం కంపెనీ నేరుగా కూడా ఖర్చు పెట్టవచ్చని చదివాను. మార్చి 31 లోపు పని అవ్వాలని టెన్షన్‌గా ఉంది.

కంపెనీయే డీలరుకు నేరుగా బిల్లు కట్టి కంప్యూటర్లు బడికి అప్పగిస్తే సీఎస్ఆర్-1 లేకుండా సరిపోతుందా, అలా తీసుకున్నవాళ్ళు హెడ్‌మాస్టర్ గారి నుంచి ఏ కాగితాలు ఇచ్చారు?