ఎండ తగలగానే గుంజ గుంతల ఆనవాళ్లు మాయమవుతున్నాయి, ఏం చేయాలి?

వేల్స్‌లో నార్మన్ల కాలపు (సుమారు 11-12 శతాబ్దాలు) చెక్క కోట ఉన్న ఒక మట్టిదిబ్బ తవ్వకంలో వాలంటీర్‌గా పనిచేస్తున్నాను. కర్ర ఎప్పుడో కుళ్లిపోయింది, మిగిలిందల్లా గుంజలు పాతిన చోట మట్టి రంగులో తేడా మాత్రమే. పొద్దున్నే తాపీతో పలచగా గీకితే పసుపు బంకమట్టిలో జానెడు వెడల్పున బూడిద రంగు గుండ్రాలు, మధ్యలో బొగ్గు నలుసులతో సహా, చక్కగా కనిపిస్తాయి. ఎండెక్కిన 20 నిమిషాలకు అంతా ఒకే తెలుపు, గీత గీసేలోపే పోతాయి.

చేతి స్ప్రేయర్‌తో నీళ్లు చల్లాం, బంకమట్టి అలికినట్టయి అంచులు ఇంకా చెదిరాయి. రాత్రి ప్లాస్టిక్ షీట్ కప్పితే తేమ నిలిచింది కానీ తీసిన అరగంటకే మళ్లీ అదే కథ. టార్పాలిన్ నీడ వేస్తే ఫొటోలో రంగులే మారిపోయాయి. మళ్లీ గీకుదామంటే ప్రతిసారీ కొంత ఆధారం పోతుంది, అదే నాకు పెద్ద టెన్షన్. వేల్స్‌లోనే మాంట్‌గోమరీ దగ్గర హెన్ డోమెన్ అనే నార్మన్ చెక్క కోట స్థలంలో 1960 నుంచి పురావస్తు శాస్త్రవేత్త ఫిలిప్ బార్కర్ బృందం ఇలాంటి మరకల నుంచే ఇళ్లు, వంతెనలు తేల్చింది కదా, అంటే దారి ఉండే ఉంటుంది.

బంకమట్టి నేలల్లో పనిచేసినవాళ్లు చెప్పండి, మళ్లీ గీకకుండా ఆ రంగు తేడాను కనీసం ఒక గంట నిలబెట్టాలంటే ఏం చేస్తారు?