భూటాన్‌లో నడుస్తున్నది ప్రజాస్వామ్యమా, రాజుగారి దయా?

గాజువాక సుబ్బు:
పోయిన నెల ఇంటిల్లిపాదీ భూటాన్ వెళ్ళొచ్చాం. సరిహద్దుకి ఇటు, మన బెంగాల్లో ఉన్న జైగావ్ బజారులో హారన్ల మోతకి చెవులు చిల్లులు పడ్డాయి. గేటు దాటి భూటాన్ వైపున్న ఫుంట్‌షోలింగ్‌లో అడుగు పెట్టామో లేదో, అంతా సద్దుమణిగింది. మా ఆవిడ రోడ్డు దాటుదామా వద్దా అని తటపటాయిస్తుంటే వచ్చే కారు దానంతటదే ఆగిపోయింది. రాజధాని థింఫూలో అయితే ట్రాఫిక్ సిగ్నలే లేదు. నాలుగు రోడ్ల కూడలిలో రంగురంగుల చిన్న మండపం, అందులో తెల్ల గ్లవ్స్ వేసుకున్న పోలీసు. చేతులు అలా తిప్పుతుంటే బండ్లు ఇలా వెళ్ళిపోతున్నాయి.

మా గైడ్ కుర్రాడు ఒక మాటన్నాడు: "ఎన్నికలు కావాలని మేం అడగలేదు సార్, రాజుగారే ఇచ్చారు. ఆ మాట విని మా అమ్మ ఏడ్చింది." విస్తీర్ణంలో కేరళంత, జనాభాలో మా విశాఖలో సగం కూడా లేని దేశం. పైన చైనా, కింద మనం. ఇలాంటి చోట మంచి రాజు ఉంటే చాలదా? ఎన్నికలు ఉత్త అలంకారమని నాకనిపిస్తోంది. మన దగ్గర ఓటు ధర ఎంత పలుకుతోందో అందరం చూస్తున్నదే. కాదనేవాళ్ళు చెప్పండి.

పాత పేపర్ల పంతులు:
సుబ్బు గారూ, రాజుగారే ఇచ్చారన్నది నిజం. నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ 1998లో పాలన మంత్రివర్గానికి వదిలేశారు. 2001లో రాజ్యాంగం రాయమన్నారు. 2006 డిసెంబరులో, 51 ఏళ్ళకే, గద్దె కొడుక్కిచ్చి తప్పుకున్నారు. 2008 రాజ్యాంగం ప్రకారం రాజుకి కూడా 65 ఏళ్ళకి రిటైర్‌మెంట్. పార్లమెంటు ఉమ్మడి సమావేశంలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకుని, ఆపైన జనం కూడా ఓటేస్తే రాజుని దించేయొచ్చు. తన మెడకి తానే తాడు పేనిచ్చిన రాజు ఇంకెక్కడైనా ఉన్నాడేమో వెతకండి.

కానీ అలంకారం అన్నారు చూశారా, అక్కడే నాకు పేచీ. దిగువ సభలో 47 సీట్లు. మొదటి రౌండ్‌లో అన్ని పార్టీలూ దిగుతాయి, మొదటి రెండు స్థానాల్లో నిలిచినవే రెండో రౌండ్‌కి వెళ్తాయి. 2008లో ఒకే పార్టీకి 45 వచ్చాయి. ప్రతిపక్షం మొత్తం ఇద్దరు. ఒక్క స్కూటరు మీద సభకి రావొచ్చు! నేనూ అప్పుడు నవ్వుకున్నవాణ్ణే. ఆ ఇద్దరిలో ఒకాయన, ఛెరింగ్ తోబ్‌గే, 2013లో ప్రధాని అయ్యారు. 2018లో ఆయన పార్టీ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్ళింది, డాక్టర్ లోటే ఛెరింగ్ వచ్చారు. తర్వాతి ఎన్నికల్లో ఈయన పార్టీకీ మొదటి రౌండ్‌లోనే అదే గతి. 2024 జనవరిలో మళ్ళీ తోబ్‌గే. వరుసగా రెండోసారి గెలిచిన ప్రభుత్వం ఇప్పటిదాకా ఒక్కటి లేదు. అలంకారమైతే ఇన్నిసార్లు మార్చి పెట్టుకుంటారా?

కొలంబస్ రాంబాబు:
ఇద్దరూ ఇష్టంగా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. ప్రజాస్వామ్యం ఎవరిచ్చారన్నది అలా ఉంచండి. అది ఎవరికిచ్చారు?

నేనుండేది ఒహాయోలో. ఇక్కడ భూటాన్ నుంచి వచ్చినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇంట్లో నేపాలీ మాట్లాడతారు, దసరా చేసుకుంటారు, పెద్దవాళ్ళు మన పెద్దవాళ్ళలాగే పార్కు బెంచీల మీద కూర్చుని మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పుకుంటారు. నాతో పనిచేసే ఒకతని ఇంటికి భోజనానికి వెళ్తే వాళ్ళ నాన్నగారు ట్రంకుపెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో భూమి శిస్తు కట్టిన రసీదు, మడతల దగ్గర చిరిగితే టేపు వేశారు. దాని మీద ఏడాది చూపించి, "ఇది తప్పు సంవత్సరంట" అన్నారు. 1957ది.

సంగతేంటంటే, దక్షిణ భూటాన్‌లో ఉండే నేపాలీ మాట్లాడే రైతుల్ని ల్హోత్సాంపాలంటారు. 1985 పౌరసత్వ చట్టం ప్రకారం 1958 డిసెంబరు 31 నాటికి దేశంలో ఉన్నట్టు ఋజువు కావాలి. 1988లో దక్షిణాది జిల్లాల్లో జనాభా లెక్కలు తీసి, సరిగ్గా 1958 నాటి రసీదే చూపించమని, మనుషుల్ని ఎఫ్1 నుంచి ఎఫ్7 వరకూ వర్గాలు చేశారు. ఎఫ్1 అసలైన పౌరులు, ఎఫ్7 పరాయివాళ్ళు. ఒకే ఇంట్లో మొగుడు ఒక వర్గం, పెళ్ళాం ఇంకో వర్గం. మరుసటి ఏడాది బళ్ళలోంచి నేపాలీ తీసేశారు, బయటికొస్తే మగవాళ్ళు ఘో, ఆడవాళ్ళు కిరా అనే వాళ్ళ సంప్రదాయ దుస్తులు కట్టాల్సిందే, లేకపోతే జరిమానా. ఆ తడి ఉక్కలో పొలానికెళ్ళే మనిషికి చలిదేశపు మందపాటి ఘో ఎలా ఉంటుందో ఆలోచించండి. 1990లో ఊరేగింపులు జరిగాయి, అరెస్టులు జరిగాయి. దాదాపు లక్ష మంది నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల క్యాంపుల్లో తేలారు. అక్కడి నుంచే చాలామంది ఇక్కడికొచ్చారు.

దేశ జనాభాలో ఆరింట ఒకరు అనుకోండి. ఆ ఒకర్ని బయట పెట్టాక, మిగతావాళ్ళకి ఓటిచ్చారు. గైడ్ గారి అమ్మ ఏడ్చిందన్నారు కదా, ఈ ముసలాయనా ఏడ్చారు నా ముందు.

గాజువాక సుబ్బు:
రాంబాబు గారూ, పాపం అనిపించింది, కాదనను. కానీ భూటాన్ పాలకుల భయం కూడా చూడాలి కదా. పక్కనే సిక్కిం. అక్కడ నేపాలీలు ఎక్కువయ్యారు, 1975లో రాజరికం పోయి దేశమే మనలో కలిసిపోయింది. ఆ తర్వాత డార్జిలింగ్‌లో నేపాలీలు ప్రత్యేక రాష్ట్రం కావాలని చేసిన గూర్ఖాలాండ్ గొడవ. ఇవన్నీ కళ్ళారా చూసిన రాజు చేతులు కట్టుకు కూర్చుంటాడా? పైగా ఆ ల్హోత్సాంపాలు వాళ్ళంతట వాళ్ళే వెళ్తున్నామని ఫారాల మీద సంతకాలు పెట్టి వెళ్ళారని ప్రభుత్వం చెప్తుంది.

కొలంబస్ రాంబాబు:
భయం ఉండొచ్చు సుబ్బు గారూ. అక్రమంగా వచ్చినవాళ్ళు కొందరు ఉన్నా ఆశ్చర్యం లేదు. కానీ ఆ సంతకాల సంగతి నా దగ్గర అనకండి. ఇంటి ముందు సైన్యం నిలబడితే ఎవరైనా సంతకం పెడతారు. ఫారం మీద ఏం రాసుందో చదవడం రాని భాషలో పెట్టామంటారు వీళ్ళు.

భూటాన్, నేపాల్ రెండూ కలిసి ఖుదునాబారి క్యాంపులో విచారణ చేసి 2003లో తేల్చిందేంటో తెలుసా? 12 వేల మందిలో బలవంతంగా వెళ్ళగొట్టినవాళ్ళు 300 మంది లోపేనట. 70 శాతం మంది ఇష్టపడి పోయారట! ఇష్టపడి వెదురు గుడిసెల్లో పదమూడేళ్ళుగా కూర్చున్నారన్నమాట. భూటాన్‌కీ నేపాల్‌కీ సరిహద్దే లేదు, మధ్యలో ఉన్నది మనం. మన గడ్డ మీదుగానే వాళ్ళని లారీల్లో దాటించారు. తర్వాత అది మీ రెండు దేశాల వ్యవహారం అని మన ఢిల్లీ చేతులు దులుపుకుంది.

ఇంకోటి, పంతులుగారికి. మీరు మెచ్చుకున్న 2008 రాజ్యాంగంలో ఆరో అధికరణం తీయండి. 1958 డిసెంబరు 31 అనే తేదీ అందులోనూ ఉంది.

పాత పేపర్ల పంతులు:
తీసి చూశాను. ఉంది. నా పోస్టులో అది రాయకపోవడం నా తప్పే.

అయినా ఒక్కమాట. పునాదిలో అన్యాయం ఉన్నంత మాత్రాన పైన జరిగే ఎన్నికలు బూటకం అవుతాయా? ఓటు హక్కు నల్లవాళ్ళకి లేని రోజుల్లో కూడా అమెరికాలో ప్రభుత్వాలు మారాయి, ఆ మార్పులు అబద్ధం కాదు. ఎంతమందికి వర్తించిందన్నదే ప్రశ్న. రాంబాబు గారి ప్రశ్న నా ప్రశ్న కన్నా పెద్దది, ఒప్పుకుంటాను.

టర్బైన్ తాతయ్య:
నేను అక్కడ ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో మూడేళ్ళు పనిచేశాను. మీ అందరి మాటల్లో ఆ కొండలే కనపడటం లేదు.

థింఫూ నుంచి పునాఖా వెళ్ళాలంటే 3,100 మీటర్ల దోచులా కనుమ ఎక్కి మళ్ళీ 1,200 దాకా దిగాలి. పొద్దున స్వెటరు, మధ్యాహ్నం బనియను. ఇంకా తూర్పుకి పోతే ఇంకో కనుమ, ఇంకో లోయ, ఇంకో భాష. పడమర వాళ్ళది జోంఖా, తూర్పు వాళ్ళది షార్చోప్. మా క్యాంటీన్లో ఇద్దరు భూటానీయులు హిందీలో మాట్లాడుకుంటుంటే మొదట్లో నాకు విడ్డూరంగా ఉండేది. 1962 దాకా ఫుంట్‌షోలింగ్ నుంచి థింఫూకి మోటారు రోడ్డే లేదు. 1958లో నెహ్రూ గారు సిక్కిం, టిబెట్‌లోని చుంబి లోయ మీదుగా గుర్రాల మీద వెళ్ళారు. అలాంటి దేశాన్ని ఒక్కటిగా కట్టి ఉంచింది రాజు, మఠాలు, ఆ జోంగ్ కోటలు. సగం కార్యాలయం, సగం మఠం. ఇప్పటికీ జిల్లా ఆఫీసు జోంగ్‌లోనే.

ఇక ఖజానా. అందులో పెద్ద రాబడి మనకి అమ్మే కరెంటే. నదుల్లో నీళ్ళు ఎక్కువుండేది వేసవి, వానాకాలాల్లోనే. పెద్ద జలాశయాలు లేవు, పారే నీటితోనే కరెంటు. చలికాలం వస్తే మన దగ్గరే కొనుక్కుంటారు. చుఖా ప్రాజెక్టు కట్టినప్పుడు మనం ఇచ్చింది 60 శాతం గ్రాంటు, 40 అప్పు. మాంగ్దెఛు దగ్గరికొచ్చేసరికి 30 గ్రాంటు, 70 అప్పు. పునాత్సాంగ్‌ఛు మొదటి ప్రాజెక్టు 2008లో మొదలైంది, 2013లో కుడి గట్టు కొండే జారింది, డ్యామ్ కథ ఇంకా సాగుతూనే ఉంది. అదే 2013 ఎన్నికల్లో రెండో రౌండ్ ముందు మన వాళ్ళు గ్యాసు, కిరోసిన్ సబ్సిడీ ఆపేశారు. సిలిండరు ధర ఎగిరింది, అధికార పార్టీ మొదటి రౌండ్ గెలిచి రెండోది ఓడింది. గ్యాసు వల్లే ఓడిందని నేననను. కానీ రాజు దయా, ప్రజల ఓటా అని కొట్టుకుంటున్న మీరు, మూడో చెయ్యి ఒకటుందని గుర్తుపెట్టుకోండి.

పల్లవి మెల్‌బోర్న్:
తాతయ్యగారి పోస్టు సూపర్. నాదొక చిన్న ముక్క. మా క్లాసులో భూటాన్ అమ్మాయిలు నలుగురున్నారు, అందరూ అక్కడ గవర్నమెంటు ఉద్యోగం మానేసి వచ్చినవాళ్ళే. ఇద్దరు టీచర్లు. పెర్త్‌లో అయితే వాళ్ళ బలగం ఇంకా ఎక్కువ. జనం సంతోషాన్ని కొలవడానికి భూటాన్ పెట్టుకున్న సంతోష సూచీ 2015లో 0.756, 2022లో 0.781. పెరిగింది! అదే 2022లో యువతలో నిరుద్యోగం 28.6 శాతం. ఒకమ్మాయిని అడిగితే నవ్వి, "సంతోషంగానే ఉన్నాం, జీతమే సరిపోలేదు" అంది.

వాళ్ళెవరూ రాజుని పల్లెత్తు మాట అనరు. ల్హోత్సాంపాల గురించి అడిగితే మాత్రం టాపిక్ మార్చేస్తారు. బళ్ళో మాకు ఎవరూ చెప్పలేదు అంది ఒకమ్మాయి, అంతే.

గాజువాక సుబ్బు:
ఒక పోస్టు వేసి కందిరీగల తుట్టె కదిపాను. అలంకారం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మంచి రాజు అన్న మాట తీసుకోను, అది నేను చూసింది. రాంబాబు గారు చూసింది నేను చూడలేదు. గెలెఫు మీదుగా తిరిగొచ్చాం, దక్షిణాదే అది. కొత్త నగరం కడుతున్నామని బోర్డులు చూపించాడు గైడ్. ఆ ఊళ్ళల్లో ముందు ఎవరుండేవాళ్ళని అడగాలని కూడా నాకు తట్టలేదు.

కొలంబస్ రాంబాబు:
మీరు ఈ మాట అన్నారు, చాలు సుబ్బు గారూ. 2025లో ఇక్కడి నుంచి కొందరిని అమెరికా వాళ్ళు భూటాన్‌కి తిప్పి పంపారు. భూటాన్ వాళ్ళని తీసుకెళ్ళి మన సరిహద్దు దగ్గర వదిలేసింది. అక్కడి నుంచి మళ్ళీ నేపాల్ చేరారు. మా వాడి నాన్నగారు అప్పటి నుంచి ఆ ప్లాస్టిక్ కవరు దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు.

నర్సీపట్నం నాని:
చర్చ బాగుంది గానీ మధ్యలో చిన్న డౌటు. సంక్రాంతి సెలవలకి మేమూ వెళ్దామనుకుంటున్నాం. ఆధార్ ఉంటే చాలా?

గాజువాక సుబ్బు:
ఆధార్ ఒప్పుకోరు బ్రదర్. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ, ఒరిజినల్ ఉండాలి. మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ఫీజు వేరే. మా బావమరిది ఓటరు కార్డు మర్చిపోయి జైగావ్ లాడ్జిలోనే ఆగిపోయాడు.