పగలు ఎక్సెల్‌కి, రాత్రి కథలకి ఒకే గొంతు కుదరట్లేదు. మీరేం వాడుతున్నారు?

అబిడ్స్ అకౌంటెంట్:

అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. అబిడ్స్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు చూస్తాను. రెటినైటిస్ పిగ్మెంటోసా, అంటే మెల్లమెల్లగా చూపు పోయే కంటి జబ్బు. మొన్నమొన్నటిదాకా అక్షరాలు పెద్దవి చేసుకుని, మానిటర్‌కి ముక్కు ఆనించి నెట్టుకొచ్చాను. ఇప్పుడు మానిటర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తెరమీద ఉన్నది పైకి చదివే ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ నేర్చుకున్నాను. కీలు వేళ్లకు పట్టుబడుతున్నాయి. గొడవంతా గొంతు దగ్గరే.

దాంతోపాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు వింటే సాయంత్రానికి తల దిమ్మెక్కుతోంది. మా పాప "నాన్నా, ఆ రోబో నిన్ను తిడుతోందా?" అంటుంది. విండోస్‌లోని హీరా గొంతు పెట్టి చూశాను. చెవికి హాయిగానే ఉంది కానీ తెలుగు లైను రాగానే మాట్లాడకుండా దాటేస్తోంది. మా షీట్లలో కొందరు క్లయింట్ల పేర్లు తెలుగులోనే ఉంటాయి. పేరున్న సెల్‌ని ఖాళీ సెల్ అనుకుంటే నా ఉద్యోగం ఏమవుతుంది?

పగలంతా ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్. అక్కడ వేగం కావాలి, అంకె తప్పు వినపడకూడదు. రాత్రి ఓ గంట తెలుగు కథలు చదువుకోవడం ఎప్పటినుంచో అలవాటు, అది పోగొట్టుకోవాలని లేదు. మామూలు ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. ఆఫీసులో నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. డబ్బు పెట్టి కొనాల్సిన జాస్ స్క్రీన్ రీడర్‌కి స్తోమత లేదు. గొంతుకైతే కొంత పెట్టగలను.

ఇంకోటి. కోఠీలో పాత పుస్తకాల షాపాయన పంపిన ఒక పీడీఎఫ్ ఏ గొంతుతో విన్నా అర్థంపర్థం లేని ఇంగ్లీష్ ముక్కలే చదువుతోంది. అదెందుకో కూడా చెప్పండి.

కూకట్‌పల్లి కుర్రాడు:

అన్నా, ఎడ్జ్ బ్రౌజర్‌ల పేజీ తెరిచి కంట్రోల్ షిఫ్ట్ యు కొట్టి చూడు, పేజీ చదివి వినిపిస్తది. తెలుగుకి శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నయ్. మనిషి చదివినట్టే ఉంటది, పైసా ఖర్చు లేదు. నేను నోట్సులన్నీ మోహన్‌తోనే వింట. నెట్ మాత్రం ఉండాలె.

తార్నాక అక్కయ్య:

కుర్రాడు చెప్పింది కథలకి బాగుంటుంది, ఎక్సెల్‌కి పనికిరాదు. అది పేజీ చదివిపెట్టే సదుపాయం, స్క్రీన్ రీడర్ కాదు. మీరు కింది బాణం నొక్కగానే మాట రావాలి, ఇంకోసారి నొక్కగానే ఆ మాట అక్కడే తెగి తర్వాతది మొదలవ్వాలి. నెట్ అవతల తయారై వచ్చే గొంతుతో అది జరిగే పని కాదు.

తమ్ముడూ (నాకు మీకంటే చాలా ఏళ్లు ఎక్కువ, అందుకే ఈ చనువు), తీయని గొంతు కోసం వెతకడం కాసేపు ఆపండి. రోజుకి ఎనిమిది గంటలు వినే గొంతుకి తీపి అక్కర్లేదు. వేగం పెంచినా ముద్దైపోకుండా ఉండాలి, నొక్కగానే పలకాలి. ఆ రెండిట్లో ఈస్పీక్‌ని మించింది ఉచితంగా నాకు దొరకలేదు. అది రికార్డు చేసిన మనిషి గొంతు ముక్కలు అతికించేది కాదు, ధ్వనిని లెక్కగట్టి పుట్టించేది. అందుకే వినడానికి రేకుడబ్బాలా ఉంటుంది, అందుకే ఎంత పరిగెత్తించినా హల్లులు విడివిడిగా వినిపిస్తాయి. మనిషి గొంతుతో చేసినవి మామూలు వేగంలో ముద్దొస్తాయి, రెట్టింపు చేస్తే ఒత్తులు మింగేస్తాయి.

కానీ ఈస్పీక్‌ని వచ్చింది వచ్చినట్టు వాడొద్దు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, వి కలిపి నొక్కండి. మాటల సెట్టింగులు వస్తాయి. వేరియంట్ అనే చోట మాక్స్ పెట్టి వినండి, తర్వాత క్లాట్ వినండి. ఆ రెండోది కంప్యూటర్ గొంతుల మీద పరిశోధన చేసిన డెన్నిస్ క్లాట్ పేరుమీద ఉంది. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ మాట్లాడిన కంప్యూటర్ గొంతు ఆయన పరిశోధన నుంచి వచ్చిందే. తర్వాత ఇంతకంటే మంచివి వచ్చినా హాకింగ్ మాత్రం తన గొంతు మార్చుకోనన్నాడు. చెవి దేనికి అలవాటు పడితే అదే ఇల్లు. పిచ్ కొంచెం దించండి. ఇన్‌ఫ్లెక్షన్ (గొంతులోని ఎత్తుపల్లాలు) బాగా తగ్గించండి, ఆ సాగదీతే మీ తలనొప్పికి సగం కారణం. వేగం ఒకేసారి ఎక్కించొద్దు, సులువుగా అందుతున్నప్పుడు ఒక మెట్టు పెంచండి.

తెలుగు సెల్ గురించి. హీరా ఇండియన్ ఇంగ్లీష్ గొంతు, దానికి తెలుగు లిపి తెలియదు కాబట్టి నోరు మెదపదు. ఈస్పీక్‌లో తెలుగు గొంతు ఎంచుకుంటే తెలుగు పేరు తెలుగులో పలుకుతుంది, ఇంగ్లీష్ అక్షరాలు వచ్చిన చోట తనే ఇంగ్లీష్‌లోకి దూకుతుంది. ఉచ్చారణ ఏ భాషకు ఆ భాషలో కాస్త ఎబ్బెట్టే. కానీ ఉన్న పేరు లేనట్టు దాటిపోదు, మీ పనికి అది ముఖ్యం.

అంకెలకి ఏ గొంతునీ గుడ్డిగా నమ్మొద్దు (ఈ మాట నేనే అంటున్నాను, నవ్వుకోండి). 12,45,600 లాంటి మొత్తాన్ని ఒక్కో గొంతు ఒక్కో రకంగా విరుస్తుంది. సెల్ మీద ఉండి ఎన్‌వీడీఏ కీ పట్టుకుని ట్యాబ్ రెండుసార్లు నొక్కితే ఒక్కో అంకె విడిగా చెబుతుంది. టోటల్స్ దగ్గర నేనైతే అది చేయకుండా కదలను. "రూ." అని రాసి ఉన్నది "రూ" అనే వినిపిస్తుంటే ఎన్‌వీడీఏ స్పీచ్ డిక్షనరీలో (ఏ మాటను ఎలా పలకాలో రాసిపెట్టే చోటు) ఒక వరుస చేర్చండి, అప్పట్నుంచి రూపాయలు అంటుంది.

ఇక అసలు సంగతి. పగటికి, రాత్రికి ఒకే గొంతు ఉండాలని ఎవరన్నారు? ఎన్‌వీడీఏ, కంట్రోల్, పి నొక్కితే కాన్ఫిగరేషన్ ప్రొఫైల్స్, అంటే విడివిడిగా దాచుకునే సెట్టింగుల కట్టలు వస్తాయి. కొత్తది చేసేటప్పుడు అది ఎప్పుడు పనిచేయాలని అడుగుతుంది. అక్కడ "సే ఆల్" ఎంచుకోండి. అంటే ఎన్‌వీడీఏ కీతో కింది బాణం నొక్కి మొత్తం చదవమన్నప్పుడే ఆ ప్రొఫైల్ లేస్తుంది. దానికి నిదానమైన, మీకు నచ్చిన తెలుగు గొంతు పెట్టుకోండి. చదవడం ఆపగానే మళ్లీ ఈస్పీక్ వచ్చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ ప్రొఫైల్‌ని సరిచేయడానికి ముందు చేత్తో యాక్టివేట్ చేయమంటుంది. సరిచేశాక మళ్లీ చేత్తోనే డీయాక్టివేట్ చేయాలి. లేకపోతే రేపొద్దున మీ ఎక్సెల్ కూడా కథ చెప్పినట్టు సాగుతుంది.

పీడీఎఫ్ విషయంలో గొంతుది తప్పు కాదు. పాత డీటీపీ (అచ్చుకి టైపు చేసే) వాళ్లు అను అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైలై ఉంటుంది. కంటికి తెలుగులా కనిపిస్తుంది, లోపల ఉన్నవి ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులే. యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్ తెలుగుగానే గుర్తించే అక్షరాల్లోకి మార్పించండి, లేదా పేజీలను బొమ్మలుగా తీసి తెలుగు ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి టైపుగా మార్చడం) చేయించండి.

మల్కాజిగిరి ఐఫోన్:

అక్కయ్య గారితో ఒక్క దగ్గర పేచీ. రెండు గొంతులు పెట్టుకుంటే చెవి రెండిట్లోనూ సగం సగమే ఆరితేరుతుంది. నేను ఐఫోన్లో వాయిస్‌ఓవర్ అనే స్క్రీన్ రీడర్‌కి గీత అనే తెలుగు గొంతు పెట్టుకున్నాను, పనికీ పుస్తకానికీ అదే. ఇంగ్లీష్, తెలుగు కలిసిన వాట్సాప్ మెసేజ్‌లో లిపిని బట్టి తనే మారుతుంది. గీత వోకలైజర్ అనే గొంతుల కుటుంబంలోది. ఎన్‌వీడీఏకి వోకలైజర్ గొంతులు విడిగా అమ్ముతారు. జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకుని, ట్రయల్ వేసి, మీ ల్యాప్‌టాప్‌లో మీ ఎక్సెల్ షీటు మీదే విని కొనండి. వాళ్ల శాంపిల్ వాక్యాలు విని డబ్బు కట్టొద్దు. శాంపిల్‌లో ప్రతి గొంతూ ఆకాశవాణి న్యూస్ రీడరే.

తార్నాక అక్కయ్య:

ఫోన్ మీద మీ మాట ఒప్పుకుంటాను, వేలితో తడుముతూ వినడానికి గీత చాలు. గంటకి కొన్ని వందల సెల్స్ దాటే మనిషికి చాలదు. ట్రయల్ మాట మాత్రం బంగారం. తమ్ముడూ, ఒక పరీక్ష ఫైలు చేసి పెట్టుకోండి: పది మంది క్లయింట్ల పేర్లు, కొన్ని జీఎస్టీ నంబర్లు, ఒక కథలోంచి సంభాషణ ఉన్న పేరా, ళ, ణ బాగా ఉన్న నాలుగు వాక్యాలు. ఏ గొంతు వచ్చినా ముందు అదే చదివించండి.

అబిడ్స్ అకౌంటెంట్:

అక్కా, మాక్స్ పెట్టి ఇన్‌ఫ్లెక్షన్ తగ్గించాను. రోబో తిట్టడం మానేసి చాడీలు చెబుతున్నట్టుంది, ఇది భరించొచ్చు. తెలుగు పేర్లు పలుకుతోంది. సే ఆల్ ప్రొఫైల్ కూడా పనిచేసింది. ప్రస్తుతానికి అందులోనూ ఈస్పీకే, నిదానంగా. ఈ నెల జీతం పడ్డాక వోకలైజర్ ట్రయల్ చూస్తాను.

ఒక్క చిక్కు మిగిలింది. కాసేపు ఆగి ఏదైనా నొక్కితే మొదటి అక్షరం వినపడట్లేదు. "వెంకటేశ్వర ట్రేడర్స్" కాస్తా "కటేశ్వర ట్రేడర్స్" అవుతోంది. ఇది గొంతు లోపమా?

కూకట్‌పల్లి కుర్రాడు:

బ్లూటూత్ ఇయర్‌ఫోన్సా అన్నా?

అబిడ్స్ అకౌంటెంట్:

అవును.

కూకట్‌పల్లి కుర్రాడు:

గదే సంగతి. మాట ఆగంగనే అది నిద్రపోతది, లేచేలోపు మొదటి ముక్క పోతది. ఎన్‌వీడీఏ ఆడియో సెట్టింగ్స్‌ల మాటయినంక ఎంతసేపు మేలుకొని ఉండాలె అని ఒక టైము ఉంటది, అది పెంచు. ఆఫీసుల అయితే వైరుది కొనుక్కో, గోల ఉండదు.