బెంగళూరు పక్కన చవక భూమి ఉంటే ఏరోస్పేస్ కంపెనీలు వచ్చేస్తాయా?

హిందూపురం_డెస్క్ (ప్రశ్న):
2025 జులైలో దేవనహళ్ళి దగ్గర ఏరోస్పేస్ పార్కు కోసం తలపెట్టిన 1,777 ఎకరాల సేకరణను కర్ణాటక ప్రభుత్వం విరమించుకుంది. వెంటనే ఆంధ్రప్రదేశ్ మంత్రి లోకేశ్, బెంగళూరును ఆనుకుని మా దగ్గర 8,000 ఎకరాలకు పైగా సిద్ధంగా ఉంది, ఇటు రండి అని ఏరోస్పేస్ పరిశ్రమను పిలిచారు. లేపాక్షి, మడకశిర వైపు భూమి చవక, జీతాలు తక్కువ, దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గరే. విమాన భాగాలు మెషినింగ్ చేసే 50–100 మంది యూనిట్ యజమానికి ఇవన్నీ నిజంగా ఎంత కలిసొస్తాయి? రాష్ట్రం దగ్గరున్నది కొద్దిపాటి డబ్బే అయితే ముందు దేనిమీద పెట్టాలి? పాలసీ కాగితాల్లో మాటలు వద్దు, షాపు లెక్కలు కావాలి.

స్పిండిల్_గంటలు:
లెక్క కోసం రెండెకరాల యూనిట్, పది 5-యాక్సిస్ మెషిన్లు (ఐదు దిశల్లో కదిలి లోహం చెక్కేవి), ఒక్కోటి 4 కోట్లు అనుకుందాం. ఎకరా ఒకచోట కోటి, ఇంకోచోట 30 లక్షలు. భూమి మీద మిగిలేది మొత్తం కోటీ 40 లక్షలు, 10 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 14 లక్షలు. మెషిన్లు తలా 4,000 గంటలు తిరిగితే ఏడాదికి 40,000 గంటలు. అంటే చవక భూమి వల్ల గంటకు మిగిలింది 35 రూపాయలు. అదే మెషిన్ల మీద పెట్టిన 40 కోట్లకు వడ్డీ ఏడాదికి 4 కోట్లు, గంటకు 1,000 రూపాయలు. రెండు కట్టర్లు విరిగితే ఆ 35 రూపాయలు ఎటు పోయాయో కూడా తెలియదు.

యజమాని నడ్డి విరిచేది మెషిన్ దిగిన రోజుకీ, మొదటి బిల్లు డబ్బు చేతికొచ్చే రోజుకీ మధ్య కాలం. విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణం ఏఎస్ 9100 సర్టిఫికెట్ ఆడిట్ రెండు దశల్లో జరుగుతుంది. ఆడిటర్ వచ్చేసరికి కొన్ని నెలల రికార్డులు, ఒక పూర్తి ఇంటర్నల్ ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ చేతిలో ఉండాలి. అది అయ్యాక కస్టమర్ మనల్ని సరఫరాదారుగా ఒప్పుకోవాలి (వెండర్ అప్రూవల్). ఆ తర్వాత ప్రతి పార్ట్ నంబరుకూ విడిగా ఫస్ట్ ఆర్టికల్, అంటే మొదట చేసిన ముక్కను పూర్తిగా తనిఖీ చేసి రాసిచ్చే రికార్డు: ఒకటో ఫారంలో పార్ట్ వివరాలు, రెండోదాంట్లో మెటీరియల్, స్పెషల్ ప్రాసెస్ (హీట్ ట్రీట్‌మెంట్, పూతల్లాంటి పనులు) సర్టిఫికెట్లు, మూడోదాంట్లో డ్రాయింగ్ మీదున్న ఒక్కో కొలతకూ నంబరు వేసి, మన చేతికొచ్చిన కొలత రాయడం. ఎక్కువగా తిరిగొచ్చేది రెండో ఫారం. ప్రాసెస్ స్పెసిఫికేషన్ రివిజన్ డ్రాయింగ్‌లో ఒకటి, సర్టిఫికెట్ మీద ఇంకొకటి ఉంటుంది.

ఇదంతా ఏడాదిన్నర పట్టిందనుకోండి, పది మెషిన్లూ మొదటి రోజే దించినవాడికి వడ్డీయే 6 కోట్లు. భూమిలో కలిసొచ్చింది కోటీ 40 లక్షలు. అందుకే తెలిసినవాళ్ళు మూడు మెషిన్లతో మొదలుపెట్టి, అప్రూవల్ వచ్చాక మిగతావి దించుతారు. ప్రభుత్వం వడ్డీ రాయితీ ఇవ్వదలిస్తే ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి ఐదేళ్ళు అనకుండా, మెషిన్ దిగిన తేదీ నుంచి మొదటి ఫస్ట్ ఆర్టికల్ ఆమోదం దాకా ఇవ్వాలి. డబ్బు అక్కరపడేది ఆ నెలల్లోనే.

టైప్2_యానడైజ్:
పై లెక్కలో ఒకటి తగ్గింది. మెషినింగ్ పూర్తయిన 7075, 7050 అల్యూమినియం ముక్కను ఎవరూ అలాగే కొనరు. పెనెట్రెంట్ టెస్టు (రంగు ద్రవంతో పగుళ్ళు వెతకడం), యానడైజింగ్ (తుప్పు పట్టకుండా రసాయన ట్యాంకులో ఆక్సైడ్ పొర ఎక్కించడం), ప్రైమర్ అయ్యాకే అది అమ్మకానికి తయారైనట్టు. ఆ పనులు చేసే షాపుకు నాడ్‌క్యాప్ గుర్తింపు (ఇలాంటి స్పెషల్ ప్రాసెస్‌లకు విమాన పరిశ్రమ ఇచ్చే ఆమోదం) ఉండాలని దాదాపు పెద్ద కస్టమర్లందరూ అడుగుతారు. మడకశిరలో ఆ షాపు లేకపోతే ముక్కలు బెంగళూరు వెళ్ళి రావాలి. లారీ కిరాయి పెద్ద ఖర్చేం కాదు. అక్కడి క్యూలో మన లాట్ వారాల తరబడి కూర్చోవడం, దారిలో గీతలు పడటం, పూత లేని అల్యూమినియం మీద వేలిముద్ర మచ్చగా తేలడం, ఇవీ అసలు నష్టాలు. పది కిలోల దిమ్మెను చెక్కి ఒక కిలో భాగం తీసే చోట, ఆఖర్న ఒక్క గీతతో మెటీరియల్, మెషిన్ గంటలు అన్నీ స్క్రాప్‌లోకి పోతాయి.

డబ్బు తక్కువుంటే ముందు దీనిమీదే పెట్టమంటాను. లైన్ క్రమం: జిడ్డు తీయడం, ఎచింగ్, నల్ల మసి తీసే డీస్మట్, యానడైజ్, సీల్, మధ్యలో ప్రతి మెట్టుకూ డీఅయనైజ్డ్ నీళ్ళతో కడగడం. టెస్టు ప్యానెళ్ళను 336 గంటలు ఉప్పు పొగమంచులో ఉంచుతారు. అందులో ఫెయిలైతే తప్పు చాలాసార్లు సీల్ ట్యాంకు నీళ్ళలోనో, కడుగుడులోనో ఉంటుంది.

నాడ్‌క్యాప్‌లో ఒక చిక్కుముడి ఉంది. ఆడిటర్ ఎదురుగా నిజమైన పని జరిగి చూపించాలి. గుర్తింపు లేనిదే కస్టమర్ పని ఇవ్వడు. ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చి ఆడిట్ కోసం కొన్ని లాట్లు ఇస్తే తప్ప ఈ ముడి వీడదు. రాయితీ కోసం వచ్చే పెద్ద కంపెనీతో ప్రభుత్వం ఒప్పందంలోనే ఆ మాట రాయించుకోవచ్చు, పైసా ఖర్చుండదు.

ఆదిబట్ల_రోడ్డు:
స్పెషల్ ప్రాసెస్ మాటకు ఒప్పుకుంటా. కానీ ట్యాంకులు కట్టేస్తే పని అదే వస్తుందనుకోవద్దు. హైదరాబాద్ పక్కన ఆదిబట్లలో వరస చూడండి. మొదట సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ క్యాబిన్లు, తర్వాత లాక్‌హీడ్ సీ-130జే రవాణా విమానం తోక భాగాలు, 2018లో బోయింగ్ అపాచీ హెలికాప్టర్ ఫ్యూజిలాజ్ (మధ్య శరీర భాగం) ప్లాంటు, అక్కడే తర్వాత 737 నిలువు ఫిన్‌లు. వడోదరలో జోడించే సీ-295 రవాణా విమానానికి భాగాలు హైదరాబాద్ నుంచే వెళ్తున్నాయి. రఫేల్ ఫ్యూజిలాజ్‌లు కూడా హైదరాబాద్‌లోనే అని 2025 జూన్‌లో ప్రకటించారు. ఒక కస్టమర్ దగ్గర పాసైన మనుషులు, జిగ్గులు (భాగాలను పట్టి ఉంచే బిగింపులు), రికార్డులు చూసి తర్వాతివాడు వచ్చాడు. అంతకు దశాబ్దాల ముందే డీఆర్‌డీఓ ల్యాబ్‌లు, క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని అక్కడున్నాయి. వాటికి పనిచేసి చేయి తిరిగిన చిన్న షాపులు బాలానగర్ నిండా ఉన్నాయి. ఇది ఎకరా ధరలో కనిపించదు.

అమెరికాలో జీతాలు తక్కువుండే దక్షిణాది రాష్ట్రాలు ఇదే ఆట ఆడాయి. 2009లో బోయింగ్‌ను చార్ల్స్‌టన్‌కు రప్పించేటప్పుడు సౌత్ కరోలినా చట్టంలోనే షరతు పెట్టింది: ఏడేళ్ళలో 75 కోట్ల డాలర్ల పెట్టుబడి, 3,800 ఉద్యోగాలు ఉంటేనే రాయితీ. ఉద్యోగులకు శిక్షణ రాష్ట్రమే ఇచ్చింది. ఎయిర్‌బస్ ఎ320 లైన్ 2015 సెప్టెంబరులో మొదలైన అలబామాలోని మొబైల్‌లో కూడా శిక్షణ రాష్ట్రానిదే, పైగా అక్కడ ఓడరేవు ఉంది. హాంబర్గ్ నుంచి ఫ్యూజిలాజ్ భాగాలు ఓడలో దిగుతాయి. మడకశిరకు సముద్రం లేదు కాబట్టి పెద్ద అసెంబ్లీల ఆశ వదిలేసి, విమానంలోనో లారీలోనో పట్టే భాగాల మీదే దృష్టి పెట్టడం మేలు.

హిందూపురం_డెస్క్:
చాలా ఉపయోగం, థ్యాంక్సండీ. కరెంటు యూనిట్ రేటు తగ్గించడం, మా వైపు వేసవి ఎండ, వీటి సంగతి?

స్పిండిల్_గంటలు:
రేటు కంటే డిప్ ముఖ్యం. అర సెకను వోల్టేజీ పడినా కట్టర్‌ను తిప్పే స్పిండిల్ ఆగుతుంది. టైటానియం భాగం మధ్య కోతలో ఉంటే కట్టర్ ఆగిన చోట గాటు పడి స్క్రాప్. హీట్ ట్రీట్‌మెంట్‌లో ఇంకా ఘోరం: ఫర్నేస్ నుంచి తీసిన అల్యూమినియం సెకన్లలో క్వెంచ్‌లో (చల్లార్చే ద్రవంలో) మునగాలి, మందం ముక్కలకైనా 15 సెకన్లు మించకూడదు. లోడును మోసే హాయిస్ట్ మధ్యలో ఆగితే ఆ లోడంతా పోయినట్టే. పార్కుకు రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి ఫీడర్లు ఇస్తే యూనిట్‌కు రూపాయి రాయితీ కంటే ఎక్కువ ఇచ్చినట్టు.

ఎండ సంగతి: కొలత 20 డిగ్రీల దగ్గర చెల్లాలి. అల్యూమినియం మీటరుకు, డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. 35 డిగ్రీల షెడ్డులో కొలిచిన రెండు మీటర్ల స్పార్ (రెక్క లోపలి పొడుగు దూలం) 0.69 మి.మీ. పొడుగు చూపిస్తుంది. కొలతలు తీసే సీఎంఎం మెషిన్ గదికి మాత్రమే ఏసీ పెట్టి, ముక్కను బయటి నుంచి తెచ్చి వెంటనే కొలిచేవాళ్ళుంటారు. పెద్ద ముక్క చల్లబడటానికి గంటలు కావాలి. షాపు మొత్తానికీ ఉష్ణోగ్రత అదుపు ఉండాలి, ఆ కరెంటు బిల్లు ప్రాజెక్టు రిపోర్టులో మొదటి రోజే రాసుకోవాలి.

టైప్2_యానడైజ్:
యూనిట్లన్నీ కలిసి వాడుకునే యానడైజింగ్ షాపు (కామన్ ఫెసిలిటీ) కట్టేటట్టయితే రెండు జాగ్రత్తలు. ఒకటి కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు: కట్టడానికి సీఎఫ్‌ఈ, నడపడానికి సీఎఫ్‌ఓ. క్రోమేట్ వాడితే ఆరు వేలెన్సీ క్రోమియం నీళ్ళు వస్తాయి. పీహెచ్ 2–3 దగ్గర సోడియం బైసల్ఫైట్‌తో మూడు వేలెన్సీకి తగ్గించి, పీహెచ్ 8–9కి పెంచి బురదగా దించి, ఆ బురదను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. నీటి కటకట ఉన్న అనంతపురం వైపు ఒక్క చుక్క బయటికి వదలని పద్ధతి తప్పదు, ఎవాపొరేటర్ ఖర్చు ముందే వేసుకోవాలి. క్రోమియం లేని టార్టారిక్-సల్ఫ్యూరిక్ లైన్ పెడితే ఈ బాధ చాలామట్టుకు తగ్గుతుంది, ఎయిర్‌బస్ పని కూడా దానిమీదే వెళ్తుంది.

రెండోది నడిపేవాళ్ళు. ప్రభుత్వం భవనం, ట్యాంకులు కట్టి తాళం చెవి ఏదో సొసైటీకి ఇస్తే పెనెట్రెంట్ లాంటి టెస్టులకు బాధ్యత వహించే పైస్థాయి (లెవెల్ 3) ఇన్‌స్పెక్టర్ దొరక్క మూలపడుతుంది. ఇప్పటికే నాడ్‌క్యాప్ ఉన్న ప్రాసెసర్‌ను టెండరులో పిలిచి నడపమనాలి. షెడ్డు ప్లాను గీసేముందు, వచ్చే యూనిట్ల దగ్గరున్న అతి పొడవు పార్ట్ డ్రాయింగ్ ఎంతో కనుక్కోండి. నాలుగు మీటర్ల ట్యాంకు కట్టాక ఐదు మీటర్ల స్పార్ వస్తే అది మళ్ళీ బెంగళూరు లారీ ఎక్కాల్సిందే.