అప్‌డేట్: ఏడు సమాన స్వరాల స్కేల్ గరగర తీరింది

నా నవల కోసం కల్పించిన కొండజాతి సంగీతానికి స్థాయిని (స నుంచి పై స దాకా) ఏడు సమాన భాగాలు చేశా, ఒక్కోటి 171.4 సెంట్లు (స్థాయి మొత్తం 1200 సెంట్లు), స-ప కలిపి వాయిస్తే గరగరమంటోంది ఎందుకని అడిగా కదా. దొరికిందండీ! లెక్క తప్పు కాదు, నేను పెట్టిన హార్మోనియం సౌండ్‌తోనే తేడా. ఈ పంచమం 686 సెంట్లే, శుద్ధ పంచమం 702, స 240 హెర్ట్జ్ దగ్గర పెడితే స, ప రెండిటి హార్మోనిక్స్ (స్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఒకదానికొకటి దగ్గరగా ఉండి సెకనుకి దాదాపు ఏడుసార్లు కొట్టుకుంటున్నాయి, అంటే మోత పెరిగి తగ్గుతోంది, చెవి పెట్టి లెక్కపెట్టా కూడా.

థాయ్‌లాండ్ రనాత్ (చెక్క పలకల వాయిద్యం) వినమన్నవాళ్ళకి చాలా థాంక్స్. చెక్క పలకల సౌండ్ పెట్టగానే, దాని హార్మోనిక్స్ వరస వేరు, మోత కూడా వెంటనే ఆగిపోతుంది కాబట్టి, అవే స్వరాలు ఎంత హాయిగా కుదిరాయో! శ్రుతి 440 హెర్ట్జ్‌కి పెట్టాలా 432కి పెట్టాలా అనే గొడవకి దీనికి సంబంధం లేదు, స్థాయిని 22 భాగాలు చేసే మన 22 శ్రుతుల పద్ధతికి మారక్కర్లేదు. నవల్లో వాళ్ళ చేతిలో పిల్లనగ్రోవి తీసేసి చెక్క పలకలు ఇచ్చేశా.