తోలుకు ‘పదును’ ఏమిటి?

అందరికీ నమస్కారం. బొచ్చు జంతువుల తోలు ఒలిచి సిద్ధం చేసే పద్ధతి మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘చర్మశుద్ధి’ అని రాస్తే, చదివిన పెద్దాయన ఒకరు అది కొట్టేసి ‘తోలు పదును చేయడం’ అని దిద్దారు. పదును కత్తికి కదా ఉండేది? పదునైన తోలంటే చెయ్యి తెగుతుందేమో అని నవ్వొచ్చింది. ఏది సరైన మాట?

——

దిద్దినాయనకు నా ఓటు. పదును అంటే వాడి ఒక్కటే కాదండీ, పనికి తగిన స్థితి. వాన వెలిశాక నేల పదునైంది అంటాం: బురదా కాదు, బెడ్డా కాదు, విత్తనం పడడానికి సరిగ్గా సరిపోయే తడి. ‘అదను పదను’ అన్న జంటలో ఉన్నదీ ఇదే. కమ్మరి ఎర్రగా కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచి పదును పెడతాడు. కత్తి అంచుకు ఆ మాట కొలిమి దగ్గరే అంటుకుందని నా ఊహ. ఇరుగుపొరుగు భాషల్లోనూ ఇదే మాట: తమిళంలో ‘తోల్ పదనిడుదల్’, కన్నడంలో ‘హద మాడు’. మన పాలు అక్కడ హాలు అయినట్టే ‘పద’ కాస్తా ‘హద’ అయింది.

——

చర్మశుద్ధి కూడా వాడుకలో ఉన్న మాటే, అంత తేలిగ్గా కొట్టేయకండి.

——

కొన్నాళ్లు ఈ పని చేసినవాణ్ణి, ఒక మాట చెప్తాను. శుద్ధి వేరు, పదును వేరు. మాంసం, కొవ్వు గీకి ఉప్పు పట్టించేదాకా జరిగేది శుద్ధి. అప్పటికీ అది పచ్చి తోలే. ఉప్పు నీటిని లాగేసి కుళ్లును ఆపుతుందంతే. ఆ తర్వాత మళ్లీ నానబెట్టి, ఆమ్లమూ ఉప్పూ కలిపిన నీళ్లలో ఉంచి, పటికో క్రోమియం లవణమో చెట్టు బెరడు రసమో పట్టిస్తేనే పదును చేసిన తోలు. బొచ్చు నిలవాలి కాబట్టి, చెప్పుల తోలుకు వాడినట్టు ఇక్కడ సున్నం వాడరు. సున్నం వెంట్రుకను ఊడగొడుతుంది.

ఇంకో సంగతి. నేల పదును గురించి చదవగానే నాకు నక్క తోలు గుర్తొచ్చింది. సంచిలా ఒలిచిన ఆ తోలును ముందు మాంసపు వైపు బయటికి పెట్టి పలక మీద సాగదీస్తారు. సగం ఆరి, వేలికి కాస్త జిగురుగా తగిలే సమయంలో తిరగేసి బొచ్చు బయటికి తేవాలి. ఆలస్యమైతే బిరుసెక్కి తిరగబడదు, బలవంతం చేస్తే చిరుగుతుంది. బీవర్, మింక్ అనే బొచ్చు జంతువుల తోళ్లను తిరగెయ్యరు, ఆ గొడవే లేదు. చివర్లో మెత్తబరచడమూ ఇంతే. కాస్త తడి ఉండగానే లాగుతూ పోవాలి, లాగినచోట తెల్లబడుతుంది. పూర్తిగా ఆరనిచ్చారో, అట్టముక్కే. దీన్ని పదును అనక ఏమంటాం?

——

భలే! నా సందేహం తీరింది. మరి ఒలవడం సంగతి? ఇంగ్లీషులో ‘కేస్’ అన్నారని ‘పెట్టె ఒలుపు’ అని రాసేశాను.

——

పెట్టెలో ఏం దాస్తారండీ! వెనక కాళ్ల మడమ నుంచి మడమకు ఒక్క గాటు పెట్టి, తోకలోంచి ఎముక లాగేసి, మేజోడు తిరగేసినట్టు తల వరకు లాగుతారు. ‘సంచి ఒలుపు’ అనండి. గడ్డం నుంచి తోక దాకా పొట్ట మీదుగా కోసి పరిచేది ‘పరుపు ఒలుపు’ అనొచ్చేమో, బీవర్‌ను అలా తీస్తారు. ‘చర్మం కోయడం’ అని మాత్రం రాయొద్దు. గాటు పెట్టేది కొంచెమే, మిగతాదంతా పిడికిలితో విడదీసేదే. అందుకే వేరుశనగకాయకీ తోలుకీ మనకు ఒకటే క్రియ. కత్తి గట్టిగా పని చేసేది చెవుల మొదట్లో, కళ్ల చుట్టూ, పెదాల దగ్గర.

——

ఒక తమాషా చెప్తాను. కొవ్వు గీకే రెండు పిడుల కత్తికి వాడి ఎక్కువ ఉండకూడదు. లోతుగా దిగితే వెంట్రుక కుదుళ్లు తెగి అటువైపు బొచ్చు రాలుతుంది. అంటే కత్తికి పదును తగ్గితేనే తోలుకు పదును కుదురుతుంది!

——

‘బొచ్చు’ అని ఇన్నిసార్లు రాస్తుంటే కొందరు ముఖం చిట్లిస్తున్నారు. ‘రోమం’ అందామా?

——

వద్దండీ. రోమమంటే నాకు ఒక్కో వెంట్రుకే కనిపిస్తుంది, దుప్పటిలా ఒత్తుగా ఉన్నదానికి బొచ్చే సరైన మాట. దాన్ని తిట్టుగా మార్చుకున్నది మనమే కానీ, నక్క చేసిన తప్పేముంది?

——

సరే, ‘సంచి ఒలుపు’, ‘గీకడం’, ‘ఉప్పు పట్టించడం’, ‘పదును చేయడం’ ఉంచుతున్నాను. ఎండలో ఆరబెడితే కొవ్వు కరిగి తోలు మాడిపోతుందని వ్యాసంలో ఉంది. అక్కడ ‘నీడపట్టున’ అని రాయనా?

——

రాయండి, బావుంది.